చేతిసంచిలో మూత్రపిండము
(ఖరగ్‌పూరులో తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభయందు గావించిన ఉపన్యాసపాఠము)



సాంస్కృతిక సంఘముల సభలలో కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఏ విషయమైనను మాటాడవచ్చునని కార్యదర్శిగారు నాకు స్వేచ్ఛ నొసగిరి. నేను ఎన్నుకొన్న విషయము మూత్రపిండముల వైఫల్యము; అందును ముఖ్యముగా, రోగి ఇంటనే వాడుకొనదగినట్టివి, తన వెంట కొనిపోదగినట్టివి యగు డయాలిసిస్ సాధనములు. నేను వైద్యుడను గాను. కళాశాలలో చరిత్ర చదివి, పిమ్మట సచివాలయమున కాగితముల నడుమ కాలము గడుపుచున్నవాడను. కావున చికిత్స చెప్పుటకు నాకు అధికారము లేదు. అయితే చరిత్ర చదివినవానికి ఒక యలవాటుండును. ఏ వస్తువును చూచినను, ఇది ఎవరి యవసరమునకు పుట్టినది, ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అని యడుగుచుండును. ఆ ప్రశ్నలనే నేడు మీ ముందుంచుచున్నాను.

ఈ విషయమును ఈ యూరిలో మాటాడుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఇచ్చట కార్ఖానాను నెలకొల్పిన నాటినుండి మన తెలుగువారు తరతరములుగా ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. నింపురా, మథురాకాఠీ కాలనీలలో నేటికిని పెక్కు ఇండ్ల వాకిళ్ల ముందు తెలుగు మాట వినవచ్చును. మనలో అనేకుల స్వస్థలములు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములు. సెలవు దొరకినంతనే మనము ఎక్కు రైలు బాలేశ్వరము, కటకము, బరంపురము దాటి ఇచ్ఛాపురము, సోంపేట, పలాసల మీదుగా పోవును. ఆ మూడు స్టేషనుల చుట్టునున్న సీమయే ఉద్దానము. ఉద్యానము అను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నులపండువుగా నుండు ఆ సీమలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి ఇల్లిల్లు తిరుగుచున్నది. మన చుట్టములలో ఎవరో యొకరు ఆ వ్యాధికి గురియైన వార్తను వినని కుటుంబము ఈ సభలో మిక్కిలి తక్కువగా నుండునేమో.

మొదట మూత్రపిండము చేయు పనిని సంగ్రహముగా మనవి చేసెదను. పిడికిలి యంత పరిమాణము గల ఈ అవయవములో ఒక్కొక్కదానియందు రమారమి 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములున్నవి. రెండును గలసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, పనికివచ్చునదంతయు మరల రక్తములోనికి చేర్చి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా వెలికి పంపును. యూరియా మున్నగు మలినములను తీసివేయుట, నీటిని ఉప్పును తూచినట్లు సరిపెట్టుట, రక్తపుపోటును అదుపులో నుంచుట, రక్తకణముల యుత్పత్తికి ప్రేరణ నిచ్చుట దీని పనులు. వారమునకు 168 గంటలు, ఒక్క గంటయు సెలవు లేని ఉద్యోగమిది. డయాలిసిస్ కేంద్రమునకు పోవు రోగికి సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగు గంటల చొప్పున చికిత్స జరుగును. అనగా 168 గంటల పనిని 12 గంటలలో ముగింపవలసియున్నది. రోగి యంత్రము నుండి లేచినపుడు నీరసపడుటకును, నీటినిగూడ గ్రుక్కెడు గ్రుక్కెడు లెక్కించి త్రాగవలసివచ్చుటకును ఇదియే ముఖ్యకారణము.

డయాలిసిస్ అను మాటను స్కాట్లండు దేశీయుడగు థామస్ గ్రాహం అను రసాయన శాస్త్రజ్ఞుడు 1861 లో వాడుకలోనికి తెచ్చెను. పలుచని పొర కొకవైపు మలినద్రవమును, రెండవవైపు శుద్ధద్రవమును ఉంచినచో, చిన్న అణువులు పొరను దాటి శుద్ధద్రవములోనికి వచ్చును, పెద్దవి నిలిచిపోవును. ఈ సూత్రముపై పనిచేసి రోగి ప్రాణమును నిలుపగల యంత్రమును నిర్మించినవాడు హాలండు దేశపు వైద్యుడు విలెం కోల్ఫ్. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, జర్మనుల యాక్రమణలో నున్న కాంపెన్ పట్టణమున, 1943 లో, సాసేజులు చుట్టు సెల్లోఫేను గొట్టమును ఒక పీపాకు చుట్టి ఆయన ఆ యంత్రమును నడపెను. మొదటి రోగులలో పెక్కురు జీవింపలేదు. 1945 లో 67 ఏండ్ల స్త్రీ యొకతె బ్రతికి బయటపడెను. అంతవరకు ఆయన పట్టు విడువలేదు.

కోల్ఫ్ యంత్రము కొన్ని దినముల యాపదను దాటించుటకు మాత్రమే పనికివచ్చెడిది. ప్రతి మారును క్రొత్తగా రక్తనాళమును కోయవలసి వచ్చుటయే ఆటంకము. 1960 లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్‌నర్ అను వైద్యుడు టెఫ్లాన్ గొట్టముతో చేతియందు శాశ్వతమైన మార్గము నమర్చి, దీర్ఘకాల చికిత్సకు ద్వారము తెరచెను. అంతటితో క్రొత్త సమస్య పుట్టెను. బ్రతికింపగల విద్య వచ్చినది. పడకలు మాత్రము కొన్నియే. 1962 లో అచ్చట వెలసిన కేంద్రమునకు రోగులను ఎంపిక చేయుటకు పౌరులతో నొక సంఘమును నియమించిరి. ఎవరు బ్రతుకవలెను, ఎవరిని విడువవలెను అని నిర్ణయించు పని సామాన్య గృహస్థులపై పడెను. ఎంపిక జాబితాలు తయారుచేయు కార్యాలయములలో పనిచేసిన నా వంటివానికి ఆ సంఘము కథ చదివినపుడు ఒడలు జలదరించినది.

ఆ కథలోనే మన విషయమునకు మూలము కలదు. ఆ సంఘము ఒక బాలికను స్వీకరింపలేదు. ఆమె వయస్సు నియమములకు లోబడలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున అణు ఇంజనీరింగు ఆచార్యుడగు లెస్ బాబ్ ఆ కుటుంబమునకు తెలిసినవాడు. ఆయన తన సహచరులతో గూడి కొలది నెలలలో, ఇంటి గదిలో నిమిడి, ద్రవమును తానే కలుపుకొని, తప్పు జరిగిన తానే ఆగిపోవునట్టి చిన్న యంత్రమును నిర్మించెను. 1964 లో ఆ బాలిక తన యింటనే చికిత్స పొందసాగెను. కేంద్రము తలుపు మూసినందున యంత్రమే ఇంటికి వచ్చినది! దానిని చిన్నది చేసినవాడు వైద్యుడు గాదు, ఇంజనీరు. కార్ఖానా గల ఊరిలో, 1951 నుండి ఐ.ఐ.టి. వెలసియున్న ఊరిలో ఈ మాటను నొక్కి చెప్పుట యుక్తము.

అయినచో యంత్రమును ఇంకను చిన్నది చేసి నడుమునకు కట్టుకొనరాదా యని అడుగవచ్చును. ఆటంకము యంత్రమునందు గాదు, నీటియందున్నది. కేంద్రములో రోగి రక్తము పొరకు ఒకవైపున ప్రవహించుచుండగా, రెండవవైపున నిమిషమునకు సాధారణముగా 500 మిల్లీలీటర్ల శుద్ధద్రవము ప్రవహించును. నాలుగు గంటలకు లెక్కకట్టినచో 120 లీటర్లు. అది కుళాయి నీరు గాదు. అనేక దశలలో శుద్ధిచేసిన నీరు. ఆ నీటిని, దానిని శుద్ధిచేయు పరికరమును విడిచి యంత్రమును మాత్రము సంచిలో పెట్టుకొన్నచో ఇంజను లేని పెట్టెతో ప్రయాణము చేసినట్లే యగును.

ఈ చిక్కును విడదీయుటకు మూడు త్రోవలు త్రొక్కిరి. మొదటిది, తక్కువ ద్రవముతో నెమ్మదిగా, తరచుగా చికిత్స చేయుట. 2005 లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన నెక్స్‌స్టేజ్ అను గృహయంత్రము ఈ తెగకు చెందినది. దాని బరువు సుమారు 34 కిలోలు. కారులో నెక్కించి ఊరికి కొనిపోవచ్చును. భుజమున వేసికొని రైలెక్కుట సాధ్యము గాదు.

రెండవది, వాడిన ద్రవమునే శుద్ధిచేసి మరల మరల వాడుట. ఇందు యూరియా యొక్కటే మొండిఘటము. ఇతర మలినములను బొగ్గుపొడి పట్టుకొనును, యూరియాను పట్టుకొనలేదు. కావున యూరియేస్ అను జీవద్రవ్యముతో యూరియాను అమోనియాగా విడగొట్టి, ఆ అమోనియాను జిర్కోనియం ఫాస్ఫేటు చేత పట్టింతురు. ఈ పద్ధతి 1970 ల నాటిదే. దీని ఆధారముననే విక్టర్ గురా అను వైద్యుడు సుమారు 5 కిలోల బరువు గల నడికట్టు యంత్రమును నిర్మించెను. 2007 లో లండనునందు 8 మందిపై దీనిని పరీక్షించిరి. 2014 లో సియాటిల్‌లోనే మరల పరీక్ష ఆరంభమైనది. రోగులు దానిని ధరించి నడచిరి. కోరిన ఆహారమును భుజించిరి. కాని ద్రవములో బొగ్గుపులుసు గాలి బుడగలు అధికముగా పుట్టుటయు, ప్రవాహము నిలకడగా లేకపోవుటయు గమనించి ఏడవ రోగితో పరీక్షను నిలిపివేసిరి. విషయమును దాచక 2016 లో ప్రకటించిరి. సింగపూరులో ఇట్టి శుద్ధిపద్ధతినే ఉదరమార్గమునకు జోడించి ఒక చేతిసంచి సాధనమును 2018 లో మానవులపై పరీక్షించిరి. బంగ్లాదేశమున జన్మించిన శువో రాయ్ నాయకత్వమున కాలిఫోర్నియాలో శరీరములోపలనే అమర్చదగిన కృత్రిమ మూత్రపిండమునకై పరిశోధన సాగుచున్నది. ఇవి యన్నియు ఆశాజనకములే. కాని ఇవి బజారులో దొరకు వస్తువులు గావు; పరిశోధనలు. ఈ భేదమును మరచినవారే మోసగాండ్రకు చిక్కుదురు.

మూడవ త్రోవ అన్నింటికంటె సులభమైనది. యంత్రమునే విడిచిపెట్టుట! మన కడుపులోపల ప్రేగులను చుట్టి పెరిటోనియం అను పలుచని పొర యున్నది. దేవుడు మన కడుపులో నమర్చిన జల్లెడ యది. మెత్తని గొట్టము ద్వారా సాధారణముగా రెండు లీటర్ల ద్రవమును కడుపులోనికి వదలి, కొన్ని గంటలుంచి, వెలికి తీసి, మరల క్రొత్తది నింపుదురు. మలినములు పొరను దాటి ద్రవములోనికి వచ్చును. అధికమైన నీరు ఎట్లు వచ్చునందురా? మాగాయ పెట్టు మన తల్లులకు తెలియని రహస్యము గాదు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించిన మరునాటికి ఊట దిగును గదా! ఆ ద్రవములోని చక్కెర అదే విధమున ఒంటిలోని నీటిని తనవైపు లాగికొనును.

ఈ చికిత్స పుట్టిన విధమును వినుడు. 1970 ల నడుమ టెక్సాసులోని ఆస్టిన్ నగరమున ఒక రోగికి చేతిలో రక్తమార్గము నిలువలేదు. వేరొక నగరమునకు పోయి నివసింపుమనగా ఆతడు తన ఊరు విడువననెను. అపుడు జాక్ మాంక్రీఫ్ అను వైద్యుడును, రాబర్ట్ పోపోవిచ్ అను రసాయన ఇంజనీరును గూర్చుండి, దినమునకు సుమారు 10 లీటర్ల ద్రవము చాలునని లెక్కగట్టి, 1976 నాటికి ఈ పద్ధతిని లోకమునకు తెలిపిరి. పిమ్మట టొరాంటోలో గాజుసీసాలకు మారుగా ప్లాస్టిక్ సంచులు వాడుకలోనికి వచ్చుటతో ఇది సామాన్యునకు అందినది. ఊరు విడువనన్న యొక్కని పట్టుదల లక్షలమందికి మేలు చేసినది. ఊరు విడిచి బ్రతుకుచున్న మనకు ఆ పట్టుదల విలువ తెలియును.

దీనికి విద్యుత్తు అక్కరలేదు. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు తోటలను నేలగూల్చిన దినములను తలచుకొనుడు. అట్టి వేళ, దారి తెగి దీపము లేని పల్లెలో, వారమునకు మూడుమారులు యంత్రము చెంతకు పోవలసిన మనుష్యుని గతి యేమి? గోడకు కొట్టిన మేకునకు సంచి తగిలించి, దీపపు వెలుగున ద్రవమును మార్చుకొనగలవాని స్థితి యేమి? సంచిలో మూత్రపిండము అని నేననునది ఇదియే. రేపటి కల గాదు, నేడు లభించునది.

ఇందును కష్టములు లేకపోలేదు. చేయి శుభ్రముగా కడుగకున్నచో కడుపులో చీము పట్టి ప్రాణాపాయము కలుగవచ్చును. దినమునకు నాలుగు సంచుల చొప్పున నెలకు 240 లీటర్ల ద్రవము ఇంటికి చేరవలెను. తుపానుకు ముందే అటకపై నిలువయుండవలెను. పూర్వము కడుపుకు పెద్ద శస్త్రచికిత్సలు జరిగినవారికి ఇది సరిపడకపోవచ్చును. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. మరియొక మాట, సోదరులారా! ఇంట జరుగు చికిత్స యనగా మన యిండ్లలో ఇల్లాలి చేత జరుగు చికిత్స యని యర్థమగుచున్నది. మన దేశమున బ్రతికియుండగా మూత్రపిండము దానము చేయువారిలో అధికులు స్త్రీలు. పొందువారిలో అధికులు పురుషులు. ఈ భారమును గూడ వారిపైననే మోపుట న్యాయము గాదు. ప్రతి యింటను ఇద్దరు నేర్చుకొనవలెను. అందొకడు పురుషుడు కావలెను.

ఉద్దానము సంగతి మరల చెప్పవలసియున్నది. ఆ సీమ ప్రజలపై జరిగి 2019 లో ప్రకటితమైన పరిశోధనలో వయోజనులలో నూటికి రమారమి 18 మందికి ఈ వ్యాధి యున్నట్లు తేలినది. వారిలో పెక్కురకు మధుమేహము లేదు. ఇతరమైన తెలిసిన కారణమును లేదు. నీరని కొందరు, ఎండలో చెమటోడ్చి నీరు త్రాగకపోవుటయని కొందరు, పురుగుమందులని కొందరు, వంశపారంపర్యమని కొందరు అనుమానించుచున్నారు. ఏదియు సిద్ధాంతమైనది గాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతమునను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడోరులందును శ్రామిక రైతులు ఇట్టి వ్యాధికే గురియగుచున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సోంపేట, పలాస మున్నగు చోట్ల డయాలిసిస్ కేంద్రములు తెరచినది. 2023 డిసెంబరు 14 న పలాసయందు 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభింపబడినవి. అదే దినమున హిరమండలము జలాశయము నుండి వంశధార నీటిని ఆ పల్లెలకు అందించు పథకమును ప్రారంభమైనది.

కేంద్ర ప్రభుత్వము 2016 లో జాతీయ డయాలిసిస్ కార్యక్రమమును జిల్లా ఆసుపత్రులలో ఆరంభించినది. అందు మొదట యంత్రచికిత్సయే కలదు. 2019 లో ఉదరమార్గ చికిత్సకు మార్గదర్శకములు వెలువడినవి. ఈ యాలస్యమునకు కారణము దురుద్దేశము గాదని నేననుకొందును. కాగితములతో పనిచేయువారికి యంత్రమును లెక్కించుట సులభము, కుర్చీని లెక్కించుట సులభము, ఎన్నిమారులు చికిత్స జరిగెనో లెక్కించుట సులభము. మారుమూల పల్లెలో ఒక తల్లి శుభ్రముగా చేయి కడిగికొని తన కుమారుని సంచి మార్చినచో అది ఏ పట్టికలోను సులభముగా నిమడదు. మన కార్యాలయములందు పట్టికలు వ్రాయు సోదరులు ఈ సంగతిని మనస్సునందుంచుకొనవలెనని ప్రార్థన.

ఇక మనము చేయదగిన పనులు. మొదటిది, వ్యాధి ముదురకముందే తెలిసికొనుట. మధుమేహము, రక్తపుపోటు గలవారును, ఇంట ఈ వ్యాధి యున్నవారును ఏడాదికొకమారైనను రక్తములో క్రియాటినైన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షింపించుకొనవలెను. ఉద్దానము నుండి వచ్చిన కుటుంబములు దీనిని తప్పక చేయింపవలెను. ఒంటినొప్పులకని దుకాణములో మాత్రలు కొని నెలల తరబడి మ్రింగుట మానవలెను. అవి మూత్రపిండములకు హాని చేయును. రెండవది, ఎవరైనను అద్భుతయంత్రము కలదని సొమ్మడిగినచో నాలుగు ప్రశ్నలు వేయుడు: దీనికి మన దేశమున అనుమతి కలదా? దీనికి కావలసిన ద్రవము ఎంత, ఎచ్చటినుండి వచ్చును? నడిరేయి చెడిపోయినచో ఎవరు వత్తురు? నాకు చికిత్స చేయు వైద్యుడు దీనిని అంగీకరించెనా? ఈ నాలుగింటికి సమాధానము రానిచో ఇంటిలోని బంగారమును తాకట్టు పెట్టవలదు. మూడవది, డయాలిసిస్ కొరకు ప్రయాణించు రోగికిని, వెంట పోవు ఒకరికిని రైల్వేవారు ఛార్జీలో రాయితీ నిచ్చుచున్నారు. రైల్వే ఊరిలో నుండియు ఈ సంగతి తెలియనివారున్నారు, తెలిసినవారు చెప్పవలెను.

చివరిది ఈ సంఘమునకు సంబంధించినది. ఉదరమార్గమున చికిత్స పొందువారు మన నడుమ నేడో రేపో ఉండక తప్పదు. అట్టివారు సాయంకాలపు సభకు వచ్చి, నాటకము నడుమ ద్రవము మార్చుకొను వేళ యైనదని లేచి ఇంటికి పోవుదురు. కొన్నాళ్లకు రాకయే మానుదురు. వారికి కావలసినది గొప్పది గాదు. తలుపు వేసికొనదగిన పరిశుభ్రమైన చిన్న గది, సబ్బుతో చేతులు కడుగుకొనుటకు కుళాయి, గోడకు ఒక కొక్కెము, గాలి రాకుండ ఆపివేయదగిన పంకా, అరగంటయో ముప్పావు గంటయో ఏకాంతము. మన యుత్సవములు జరుగు ప్రతిచోటను ఇట్టి గది యొకటి యేర్పరుపవలెనని, రాబోవు సంక్రాంతినుండియే ఆరంభింపవలెనని కార్యవర్గమువారికి విన్నవించుకొనుచున్నాను. దీనికి విరాళముల పుస్తకము అక్కరలేదు. ఒక పూట తుడిచి కడిగిన చాలును.

శాస్త్రజ్ఞులు యంత్రమును చిన్నది చేయుచున్నారు. రోగికి చోటును పెద్దది చేయుట మన పని.